కెరీర్ కోచింగ్

కెరీర్ కోచింగ్ అనగా ఒక వ్యక్తి తన వృత్తి జీవితంలో తరువాత వేయవలసిన అడుగును నిర్ణయించుకొనుటకు, ఆ పనిలో అనుభవమున్న సలహాదారుతో కొన్ని పర్యాయములు సమావేశమై చర్చించుకొనే పద్ధతి. చదువు ముగించిన విద్యార్థులు, ఉద్యోగం పోయినవారు, పదవోన్నతి కోరుకొనేవారు కూడా ఈ సలహాదారులను ఆశ్రయిస్తారు. అయితే చేతిలో ఉద్యోగం ఉండి, నెలనెలా జీతం వస్తూ, అందులో ఇమడలేక బాధపడుతున్నవారి సమస్య వీటన్నింటికంటె భిన్నమైనది. ఈ వ్యాసం ముఖ్యంగా అటువంటివారికి సంబంధించినది. వీరు వేయవలసిన అడుగు రాజీనామాయే కానక్కరలేదు. రాజీనామా అవసరమా కాదా అని తేల్చుకొనుటయే ఈ సలహాలో ప్రధానమైన భాగం.

పేరు

తెలుగునాట కోచింగ్ అనగానే పోటీ పరీక్షల శిక్షణయే గుర్తుకు వస్తుంది. హైదరాబాదులోని అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, కృష్ణా జిల్లాలోని అవనిగడ్డ వంటి చోట్లు ఆ విధమైన కోచింగ్‌కు పేరుపొందినవి. కెరీర్ కోచింగ్‌కు దీనితో సంబంధం లేదు. ఇందులో పాఠాలు, మాదిరి ప్రశ్నపత్రాలు, ర్యాంకులు ఉండవు. అయితే చరిత్రను బట్టి చూస్తే తెలుగువారి వాడుకయే పాతది. హంగరీ దేశంలోని కోచ్ అనే గ్రామంలో తయారైన గుర్రపు బండ్ల వలన ఆంగ్లంలో బండికి ఆ పేరు వచ్చినది. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మాష్టారును సరదాగా అదే పేరుతో పిలిచారు. క్రీడల శిక్షకునికి, ఆ తరువాత ఉద్యోగ సలహాదారునికి ఆ పేరు అంటుకొన్నది తర్వాతి కాలంలోనే.

ఈ వృత్తికి ఇరుగుపొరుగుగా ఉన్న మూడు వృత్తులతో దీనిని కలిపివేయరాదు. ఖాళీలకు మనుషులను వెదికిపెట్టే నియామక సంస్థ యజమాని పక్షాన పనిచేస్తుంది, దాని రుసుము కూడా యజమానియే చెల్లిస్తాడు. కెరీర్ కౌన్సెలర్ సాధారణంగా విశ్వవిద్యాలయంలో మార్గదర్శన శాస్త్రమో మనస్తత్వ శాస్త్రమో చదివినవాడై ఉంటాడు. చికిత్సా మనస్తత్వవేత్త వ్యాధిని గుర్తించి నయం చేయువాడు. కోచ్ అనే పేరు పెట్టుకొనుటకు మాత్రం భారతదేశంలో గాని, అమెరికాలో గాని ప్రభుత్వ లైసెన్సు అవసరం లేదు. ఈ ఒక్క విషయం తెలియకపోవుట వలన మోసపోయేవారు ఎక్కువ.

అసంతృప్తి ఎక్కడ ఉన్నది?

సలహాదారుని వద్దకు వచ్చే వ్యక్తి మొదట చెప్పే మాట దాదాపు ఒకటే: "ఈ ఉద్యోగం నాకు సరిపడదు." కాని ఆ మాట వెనుక ఉన్న కారణాలు ఒకటి కావు. చేస్తున్న పనియే నచ్చకపోవచ్చును. పని నచ్చినా పై అధికారితో పడకపోవచ్చును. పని, అధికారి ఇద్దరూ బాగున్నా జీతం చాలకపోవచ్చును, లేదా బదిలీ వలన కుటుంబం ఒకచోట, తాను ఒకచోట ఉండవలసి రావచ్చును. ఈ నాలుగింటికి మందు వేరువేరు. అధికారితో పడక వృత్తినే మార్చుకొన్నవాడు పదేళ్ళ అనుభవాన్ని వదులుకొన్నవాడవుతాడు. పనియే నచ్చనివాడు సంస్థ మారితే ఆరు నెలలలో మరల అదే స్థితికి వస్తాడు.

ఈ తేడాను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ ముఖ్యుడు. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లను, గణకులను ప్రశ్నించి ఆయన తన సహచరులతో కలిసి 1959లో ఒక గ్రంథం ప్రచురించాడు. జీతం, పర్యవేక్షణ, సంస్థ నియమాలు, పనిచేసే చోటు సరిగా లేకపోతే మనిషి అసంతృప్తి చెందుతాడు. కాని అవి సరియైనంత మాత్రాన తృప్తి కలుగదు. తృప్తి కలిగించేవి వేరే ఉన్నవి: సాధించినామన్న భావన, గుర్తింపు, బాధ్యత, పనిలోని ఆసక్తి. ఆయన పద్ధతిపై తరువాత విమర్శలు వచ్చినవి. మంచి జరిగితే తమ గొప్పగా, చెడు జరిగితే ఇతరుల తప్పుగా చెప్పుకొనుట మానవ స్వభావమే కదా అన్నది వాటిలో ప్రధానమైనది. అయినప్పటికీ జీతం పెరిగినా దిగులు తగ్గలేదని చెప్పేవారిని అర్థం చేసుకొనుటకు ఈ విభజన నేటికీ ఉపకరిస్తున్నది.

మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన ఎడ్గార్ షైన్ (1928-2023) మరొక కోణం చూపించాడు. తన సంస్థలో చదివిన 44 మంది పట్టభద్రులను ఏళ్ళ తరబడి గమనించి, ప్రతి వ్యక్తికి వదులుకొనుటకు ఇష్టపడని ఒక అంశం ఉంటుందని, అది ఓడకు లంగరు వంటిదని ఆయన చెప్పాడు. సాంకేతిక నైపుణ్యం, నిర్వహణ, స్వేచ్ఛ, భద్రత, సొంత వ్యాపార సృష్టి, సేవ, సవాలు, జీవన విధానం అని ఈ లంగర్లు ఎనిమిది. పాఠశాలల నుండి ఉదాహరణ తీసుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. తరగతి గదిలో ఆనందంగా పనిచేసిన గణిత ఉపాధ్యాయుడు ప్రధానోపాధ్యాయుడైన తరువాత నివేదికలు, మధ్యాహ్న భోజన లెక్కలు, తనిఖీల మధ్య దిగులుపడటం చాలా బడులలో కనిపిస్తుంది. లోకం దృష్టిలో అది పదవోన్నతి. అతని లంగరు మాత్రం బోధనలో ఉన్నది. బ్యాంకులలో, సాఫ్ట్‌వేర్ సంస్థలలో మంచి పనివాడిని మేనేజరును చేసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

మరికొన్ని సందర్భాలలో అసలు సమస్య ఉద్యోగానిది కాదు, ఆరోగ్యానిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో (ఇది 2022 జనవరి నుండి అమలులోకి వచ్చినది) వృత్తిపరమైన నిస్త్రాణను వ్యాధిగా కాక, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా పేర్కొన్నది. తీవ్రమైన అలసట, పనిపట్ల విముఖత, తన పనితనం తగ్గినదన్న భావన దాని మూడు లక్షణాలు. నిద్ర పట్టకపోవడం, సెలవు రోజున కూడా ఏ పనీ రుచించకపోవడం, బ్రతుకుపై విరక్తి వంటివి ఉంటే అది కోచ్ చేయదగిన పని కాదు. వైద్యుని చూడవలసినది. నిజాయితీ గల సలహాదారు ఆ మాట మొదటి సమావేశంలోనే చెబుతాడు. భారతదేశంలో 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై ఉచితంగా, తెలుగుతో సహా పలు భాషలలో లభిస్తున్నది.

చరిత్ర

వృత్తి మార్గదర్శనానికి ఆద్యునిగా అమెరికాకు చెందిన ఫ్రాంక్ పార్సన్స్ (1854-1908)ను చెబుతారు. ఇంజనీరుగా, ఉపాధ్యాయునిగా, న్యాయవాదిగా పనిచేసిన ఆయన అనేక వృత్తులు మారిన అనుభవం కలవాడు. 1908 జనవరిలో బోస్టన్ నగరంలో వృత్తి సలహా కార్యాలయం తెరచి, అదే సంవత్సరం మరణించాడు. ఆయన గ్రంథం 1909లో వెలువడినది. తనను తాను తెలుసుకొనుట, వృత్తులను గురించి తెలుసుకొనుట, ఈ రెండింటి సంబంధాన్ని సక్రమంగా ఆలోచించుట అని ఆయన చెప్పిన మూడు మెట్లు ఒక శతాబ్దం గడచినా ఈ రంగానికి పునాదిగా ఉన్నవి.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో సైన్యంలో చేరేవారిని ప్రశ్నించి వర్గీకరించే పనిచేసిన జాన్ హాలండ్, మనుషులనూ వృత్తులనూ ఒకే ఆరు తెగలుగా విభజించవచ్చునని 1959 నుండి ప్రతిపాదిస్తూ వచ్చాడు. చేతిపనులు, పరిశోధన, కళ, సేవ, వ్యాపారదక్షత, క్రమబద్ధమైన కార్యాలయపు పని అనేవి ఆ ఆరు. నేడు వాడుకలో ఉన్న ఆసక్తి పరీక్షలలో చాలా భాగం దీనిపై ఆధారపడినవే.

అప్పటివరకు సలహా ఎక్కువగా బడి పిల్లలకు, నిరుద్యోగులకు, సైనికులకే. నడివయసులో దారి మార్చుకోదలచినవారివైపు దృష్టి మళ్ళించినది రిచర్డ్ బోల్స్ (1927-2017). క్రైస్తవ మతాచార్యుడైన ఈయన 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బడ్జెట్ కోత వలన కొలువు కోల్పోయాడు. తనవలె కొలువు ప్రమాదంలో పడిన మతాచార్యుల కోసం 1970లో సొంత ఖర్చుతో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. "మీ పారాచ్యూట్ ఏ రంగు?" అని దాని పేరుకు అర్థం. 1972లో ఒక ప్రచురణ సంస్థ దానిని తీసుకొన్నది. తరువాత దాదాపు ప్రతి ఏటా సవరించబడుతూ కోటికి పైగా ప్రతులు అమ్ముడైనది. ప్రకటనలు చూసి దరఖాస్తులు పంపుటకు ముందు, ఆ వృత్తిలో ఉన్నవారిని కలిసి మాట్లాడవలెనన్న సూచన బహుళ ప్రచారం పొందినది ఈ పుస్తకం వల్లనే.

కోచింగ్ ఒక ప్రత్యేక వృత్తిగా 1990 దశకంలో రూపుదిద్దుకొన్నది. 1995లో థామస్ లెనార్డ్ స్థాపించిన అంతర్జాతీయ కోచింగ్ సమాఖ్య శిక్షణ గంటలను బట్టి గుర్తింపు పత్రాలు ఇస్తున్నది. ఇది ప్రైవేటు సంస్థ ఇచ్చే గుర్తింపే గాని చట్టం ఇచ్చే అధికారం కాదు.

విధానం

మొదటి సమావేశం సాధారణంగా పరిచయానికే. ఎన్ని సమావేశాలు, ఎంత రుసుము, మధ్యలో మానివేస్తే ఏమగును అన్నవి వ్రాతపూర్వకంగా ఉండటం ఉభయులకూ మంచిది. తరువాత సలహాదారు గత ఉద్యోగాల కథ చెప్పించుకొంటాడు. ఏ రోజులలో సమయం తెలియకుండా గడచినది, ఏ ఉదయం కార్యాలయానికి కాళ్ళు కదలలేదు అని అడుగుతాడు. కొందరు రెండు మూడు వారాలపాటు దినచర్య వ్రాయమంటారు. ఏ పనికి ఉత్సాహం కలిగినది, ఏ పనికి నీరసం వచ్చినది అని ఎదురుగా గుర్తు పెట్టుకోవాలి. అసంతృప్తి పనిలో ఉన్నదా, మనుషులలో ఉన్నదా అన్నది తేల్చుటలో అచ్చు పరీక్షల కంటె ఈ దినచర్యయే ఎక్కువ ఉపయోగపడుతుందని చెప్పవచ్చును. బ్యాంకు ఉద్యోగి ఒకరు ఇట్లా వ్రాసుకొని చూస్తే నీరసం గుర్తులన్నీ సోమవారం ఉదయం, శుక్రవారం సాయంత్రం ప్రయాణాల దగ్గరే పడ్డాయనుకొందాము. అతనికి కావలసినది కొత్త వృత్తి కాదు, బదిలీ.

ఉన్న ఉద్యోగంలోనే మార్పు చేసుకొనే వీలు కూడా పరిశీలిస్తారు. 2001లో ఏమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు దీనికి ఒక సిద్ధాంత రూపం ఇచ్చారు. ఆసుపత్రిలో పారిశుద్ధ్య పనివారిలో కొందరు తమ పనిని గదులు తుడుచుటగానే చూడగా, మరికొందరు రోగులకు సాంత్వన కలిగించుటలో భాగంగా చూచి, ఆ మేరకు తమ పనులను, రోగులతో సంబంధాలను తామే మలచుకొన్నారని వారు చూపించారు. ఇది అన్నిచోట్ల సాధ్యం కాదు. అన్యాయమైన జీతాన్ని, అవమానించే అధికారిని భరించమని చెప్పుటకు దీనిని సాకుగా వాడటం తగదు.

మారక తప్పదని తేలినప్పుడు కొత్త దారిని చిన్న ఎత్తున పరీక్షించి చూడమంటారు. ఎంతో కాలం కూర్చుని ఆలోచించి, తరువాత ఒక్కసారిగా దూకుట కంటె, చిన్న చిన్న ప్రయోగాలతోనే మనిషికి తన కొత్త వృత్తి తెలిసివస్తుందని హెర్మీనియా ఇబారా 2003లో తన గ్రంథంలో వాదించినది. సెలవు రోజుల్లో శిక్షణ, స్వచ్ఛంద సేవ, ఆ వృత్తిలో ఉన్న బంధువు వెంట వారం రోజులు తిరిగి చూచుట వంటివి ఈ కోవలోనివి. జీతం తీసుకొని రెండవ పని చేయుట మాత్రం నియామక ఒప్పందానికి విరుద్ధం కావచ్చును. 2022లో భారత ఐటీ రంగంలో ఈ విషయంపై పెద్ద వివాదమే నడచినది.

గోప్యత

అసంతృప్తి సంగతి యజమాని చెవిన పడితే ఉన్న ఉద్యోగానికే ముప్పు రావచ్చును. అందుచేత గోప్యత ఈ వృత్తికి ప్రాణం వంటిది. ముఖ్యంగా సంస్థయే రుసుము చెల్లించి కోచ్‌ను ఏర్పాటు చేసినప్పుడు, అతడు ఎవరి పక్షమన్న ప్రశ్న వస్తుంది. డబ్బు ఇచ్చే సంస్థ వేరు, సలహా పొందే వ్యక్తి వేరు అని, ఎవరికి ఏ సమాచారం అందునో ముందే స్పష్టం చేయవలెనని వృత్తి నియమావళులు చెబుతున్నవి. ఆ స్పష్టత లేనిచోట రాజీనామా ఆలోచన గురించి నోరు విప్పకపోవుటయే క్షేమం.

ఈ విషయంలో ఫ్రాన్సు చట్టం పేర్కొనదగినది. 1991 డిసెంబరు 31 నాటి చట్టం ఉద్యోగికి తన సామర్థ్యాలను, ఆశయాలను బయటి సంస్థచేత మదింపు చేయించుకొనే హక్కు ఇచ్చినది. దీని గరిష్ఠ పరిమితి 24 గంటలు. ఆ గంటలు పలు వారాలలో సర్దబడతాయి. ఉద్యోగి అంగీకారం లేనిదే యజమాని దీనిని బలవంతంగా చేయించరాదు, ఫలితాలు ఉద్యోగికే చెందును. ఇంగ్లండులో 2012 నుండి నడుస్తున్న జాతీయ వృత్తి సేవ ఉద్యోగంలో ఉన్న పెద్దలకు సైతం ఉచితంగా సలహా ఇస్తున్నది.

భారతదేశంలో

ఉపాధి కల్పనా కార్యాలయాలు 1945లో సైన్యం నుండి విడుదలైనవారి కోసం మొదలై, 1948లో అందరికీ అందుబాటులోకి వచ్చినవి. 1956 నవంబరు నుండి వాటి నిర్వహణ రాష్ట్రాలకు అప్పగించబడినది. అక్కడ వృత్తి మార్గదర్శన విభాగాలు ఉన్నప్పటికీ వాటి దృష్టి నిరుద్యోగులపైననే. కార్డు తీసుకొని, దానిని పునరుద్ధరించుకొంటూ పిలుపు కోసం ఎదురుచూచిన తరాలకు, ఉన్న ఉద్యోగం నచ్చలేదని సలహా అడుగుట విలాసంగానే తోచినది. ఉద్యోగం పురుష లక్షణమన్న లోకోక్తి గల సమాజంలో, పెళ్ళి చూపులలో మొదటి ప్రశ్న ఉద్యోగం గురించే వచ్చే ఇళ్ళలో, రాజీనామా ఒక వ్యక్తి సొంత నిర్ణయంగా ఉండదు. మేనమామ, బావగారు, ఆఫీసులో సీనియరు - సలహాదారులు వీరే. వీరి మేలుకోరిక శంకించదగినది కాదు. అయితే ఫలితం తమ ఇంటికి కూడా తగులుతుంది గనుక వీరి సలహా సహజంగానే భద్రత వైపు మొగ్గుతుంది. బయటి సలహాదారు అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.

కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ 2015 జూలైలో జాతీయ కెరీర్ సేవను ప్రారంభించినది. ఉద్యోగార్థులకు దీని సేవలు ఉచితం. ఇందులో భాగంగా పలు జిల్లాలలో ఆదర్శ కెరీర్ కేంద్రాలు ఏర్పడినవి.

రాజీనామాకు ముందు సలహాదారుతో కాగితంపై లెక్క వేసుకోదగిన అంశాలు భారతదేశంలో కొన్ని ఉన్నవి. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ రావలెనంటే ఐదేళ్ళ నిరంతర సర్వీసు ఉండవలెను. 1972 నాటి చట్టంలోని ఈ నియమం, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ కొనసాగినది. నిర్ణీత కాలపు ఒప్పందంపై పనిచేసేవారికి మాత్రం అందులో ఒక సంవత్సరానికి తగ్గించారు. భవిష్యనిధి ఖాతాను కొత్త సంస్థకు మార్పించుకొంటే పాత సర్వీసు కలుస్తుంది. ఐదేళ్ళు నిండక ముందే సొమ్ము తీసివేస్తే ఆదాయపు పన్ను పడుతుంది. ఉద్యోగుల పింఛను పథకం క్రింద నెలసరి పింఛనుకు పదేళ్ళ సర్వీసు అవసరం. నాలుగు సంవత్సరాల పది నెలలకు కోపంలో రాజీనామా ఇచ్చినవాడు ఏమి పోగొట్టుకొనే ప్రమాదమున్నదో దీనిని బట్టి గ్రహించవచ్చును. ఐటీ సంస్థలలో రెండు మూడు నెలల నోటీసు గడువు సాధారణం. రిలీవింగ్ లెటరు లేకుండా వెళ్ళినవారిని కొత్త సంస్థలు తీసుకొనుటకు వెనుకాడుతాయి.

ప్రభుత్వోద్యోగుల విషయం మరింత సున్నితమైనది. ఉత్తినే రాజీనామా చేస్తే పింఛనుకు లెక్కవచ్చే గత సర్వీసు రద్దగును. శాఖ ద్వారా దరఖాస్తు పంపి, నిరభ్యంతర పత్రం పొంది, మరొక ప్రభుత్వోద్యోగంలో చేరుటకై సాంకేతిక రాజీనామా చేసినవారికి ఆ నష్టం ఉండదు. ఉపాధ్యాయులుగా పనిచేస్తూ గ్రూప్స్ పరీక్షలు వ్రాసేవారు అనుసరించేది ఈ మార్గాన్నే.

విదేశాలలోని తెలుగువారు

అమెరికాలో హెచ్-1బి వీసాపై పనిచేస్తున్న తెలుగువారికి ఉద్యోగ అసంతృప్తి అనునది నివాస హక్కుతో ముడిపడిన సమస్య. ఉద్యోగం ముగిసిన తరువాత కొత్త యజమానిని వెదుకుకొనుటకో, వీసా తరగతి మార్చుకొనుటకో 2017 జనవరి నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. వీసా గడువు అంతకు ముందే ముగిస్తే ఆ వ్యవధి కూడా తగ్గుతుంది. 2000 సంవత్సరపు చట్టం వలన, కొత్త యజమాని దరఖాస్తు దాఖలు చేసిన వెంటనే అక్కడ పనిలో చేరవచ్చును. కనుక ముందు కొత్త ఉద్యోగం, తరువాత రాజీనామా అన్న క్రమం అక్కడ దాదాపు తప్పనిసరి. గ్రీన్ కార్డు కోసం వేచి ఉన్నవారికి పాత వరుస తేదీ సాధారణంగా నిలిచి ఉన్నా, కొత్త యజమాని కార్మిక ధ్రువీకరణను చాలావరకు మొదటి నుండి చేయించవలసి ఉంటుంది. ఇటువంటి సందర్భాలలో కోచ్ మాటపై మాత్రమే ఆధారపడక వలస న్యాయవాదిని సంప్రదించవలెను.

ఫలితాలు, విమర్శలు

వృత్తి సలహా వలన ప్రయోజనమున్నదని పరిశోధనలు చూపుతున్నవి గాని, వాటిలో అధిక భాగం విద్యార్థులపై జరిగినవి. 2000లో స్టీవెన్ బ్రౌన్, నాన్సీ రయన్ క్రేన్ పాత అధ్యయనాలను క్రోడీకరించి, మేలు చేసే అంశాలు ఐదింటిని గుర్తించారు: తన ఆలోచనలను వ్రాయించుట, పరీక్షా ఫలితాలను వ్యక్తికి విడిగా వివరించుట, వృత్తులను గురించిన సమాచారం, అనుసరించదగిన వ్యక్తుల ఉదాహరణలు, చుట్టూ ఉన్నవారి అండ కూడగట్టుకొనుట. వీటిలో ఖరీదైన యంత్రాంగం కోరేది ఒక్కటీ లేదు. నలుపు తెలుపులుగా మనిషిని తెగలలో పెట్టే వ్యక్తిత్వ పరీక్షలపై, ముఖ్యంగా మయర్స్-బ్రిగ్స్ సూచికపై, మనస్తత్వవేత్తల విమర్శ తీవ్రంగా ఉన్నది. అదే వ్యక్తి కొన్ని వారాల తరువాత మరల వ్రాస్తే వేరే తెగలో తేలుట తరచు జరుగుతుంది.

మరొక విమర్శ ఏమనగా, కోచింగ్ సమస్యనంతా వ్యక్తిపైనే మోపుతుంది. పన్నెండు గంటల పని, ఆగిపోయిన జీతాలు, వేధింపులు ఉన్నచోట మారవలసినది ఉద్యోగి దృక్పథం కాదు. అక్కడ కార్మిక సంఘం, కార్మిక శాఖ, లైంగిక వేధింపుల విషయంలో 2013 నాటి చట్టం క్రింద ఏర్పడిన అంతర్గత కమిటీ వంటివే సరియైన చోట్లు.

ఉద్యోగం ఖాయమని హామీ ఇచ్చి ముందుగా పెద్ద మొత్తం అడిగేవారిని, తన శిక్షణ ఎక్కడ పొందినదీ చెప్పనివారిని, మొదటి సమావేశంలోనే రాజీనామా చేయమనేవారిని దూరముంచవలెనని ఈ రంగంలోని అనుభవజ్ఞులు సూచిస్తారు. రుసుము చెల్లించే శక్తి లేనివారు, తాము చదివిన కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం ద్వారా తాము కోరుకొంటున్న వృత్తిలో ఉన్న ముగ్గురు నలుగురిని కలిసి మాట్లాడి, బోల్స్ చెప్పిన పద్ధతిని ఖర్చు లేకుండానే ఆచరించవచ్చును.